వెర్రితలా, జింకు లోపమా? కత్తి ఎత్తే ముందు ఆకు కాడ చూడండి

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. బోరు కింద రెండెకరాల్లో టిష్యూకల్చర్ (ల్యాబులో పెంచిన) మొక్కలు, గ్రాండ్ నైన్ రకం అరటి పెట్టి అయిదు నెలలయింది. కాలవ గట్టు వైపు ఏడెనిమిది చెట్లు ఎదక్కుండా నిలిచిపోయినాయి. కొత్త ఆకులు సన్నంగా, నిక్కబొడుచుకుని వస్తా ఉండాయి, అంచులు పసుపు తిరిగినాయి. ఇంకో పక్క, మొదట్లో అంతరపంటగా దోస, టమాటా వేసిన సాళ్లలో కొన్ని చెట్ల ఆకుల మీద పసుపు పట్టీలు. ఇంటి వెనక బావి దగ్గర పిలకలు తెచ్చి నాటిన కర్పూర చక్కరకేళి చెట్లు నాలుగు ఉంటే, వాటి ఆకుల మీద పసుపు గీతలు పడి నల్లగా మాడతా ఉండాయి. మందుల అంగడాయన జింకు లోపమన్నాడు. రెండు తూర్లు కొట్టించినాం, మార్పు లేదు. పక్క చేను ఆయనేమో వైరస్సు, తోటంతా పెరికేయమంటాడు. మా పిల్లోడు ఫోన్లో ఫొటో తీసి యాప్‌లో పెడితే ఒక్కో తూరి ఒక్కో పేరు చెబుతోంది. అప్పు చేసి పెట్టిన తోట. పరీక్ష ఎక్కడ చేయించేది? ఎన్ని చెట్లు తీసేయాల? వీటి పిలకలు నాటుకోవచ్చునా? ఈ కాయలు తింటే ఏమన్నా అవుతుందా?

— ఒక మహిళా రైతు, చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా

సమాధానం:

అమ్మా, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. ఆ భయం మనసులో ఉంటే మిగతా మాటలు చెవికెక్కవు. అరటికి వచ్చే వైరస్‌లు మనుషులకు గానీ పశువులకు గానీ సోకవు. గెల చిన్నది కావచ్చు, కాయ వంకరపోవచ్చు, మార్కెట్లో ధర రాకపోవచ్చు. తింటే మాత్రం ఏమీ కాదు. పిల్లలకు నిశ్చింతగా పెట్టండి.

ఇక తోట సంగతి. మీరు రాసింది నిదానంగా చదివితే మీ పొలంలో ఉన్నది ఒక జబ్బు కాదనిపిస్తోంది. కాలవ గట్టు వైపు ఒకటి, దోస, టమాటా వేసిన సాళ్లలో ఇంకొకటి, బావి దగ్గర మూడోది. అన్నిటికీ జింకు కొట్టమనడం ఎంత తప్పో, అన్నిటినీ వైరస్ అని ఒకే గాటన కట్టి తోటంతా పెరికేయమనడం అంతే తప్పు. ఆరడుగుల ఎడంతో నాటి ఉంటే మీ రెండెకరాల్లో రెండు వేల నాలుగు వందల చెట్ల దాకా ఉంటాయి. ఎనిమిది చెట్ల కోసం అన్నిటినీ చంపుకోవాల్సిన పని లేదు. ఆ ఎనిమిదింటినీ అలాగే వదిలేస్తే మాత్రం తోట మొత్తానికి ముప్పు.

నా సలహా ముందే చెబుతాను. గట్టు వైపు చెట్ల మీద నేను కింద రాసే గుర్తులు కనబడితే ల్యాబ్ రిపోర్టు కోసం ఆగొద్దు, వెంటనే తీసేయండి. మిగిలిన రెండు చోట్లా ఆగండి. అక్కడ పరీక్ష చేయించకుండా ఒక్క చెట్టు కూడా నరకొద్దు.

గట్టు వైపు చెట్లకు వచ్చింది వెర్రితల తెగులు అని నా గట్టి అనుమానం. బంచీ టాప్ అంటారే, అదే. ఆకులు కురచై, సన్నబడి, నిటారుగా నిలబడి, తల దగ్గర గుబురు కట్టడం ఈ తెగులు బాగా ముదిరాక కనబడే రూపం. చాలామంది ఆ గుబురు చూశాకే పేరు పెడతారు. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. ఈ వైరస్ మొదటి గుర్తు ఆకు వెడల్పు మీద కాదు, ఆకు కాడ మీద పడుతుంది.

ఎలా చూడాలో వివరంగా రాస్తాను. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తోటలోకి వెళ్లండి. మొవ్వులోంచి పూర్తిగా విచ్చుకున్న కొత్త ఆకుల్లో మొదటిదో రెండోదో పట్టుకోండి. దాని కాడ అడుగు భాగాన తెల్లటి పిండిలాంటి పూత ఉంటుంది. ఆ పూత ఉన్నంతసేపూ కింద ఏముందో కనబడదు. బొటనవేలితో గట్టిగా రుద్ది ఆ పూతంతా తుడిచేయండి. ఆరోగ్యంగా ఉన్న చెట్టయితే కాడ అంతా ఒకే లేత ఆకుపచ్చగా ఉంటుంది. వెర్రితల సోకిన చెట్టయితే ముదురు ఆకుపచ్చ రంగులో, దారం అంత సన్నటి గీతలు నిలువునా కనబడతాయి. అవి పొడుగ్గా సాగవు. ఒక చుక్క, ఒక చిన్న గీత, మళ్లీ రెండు చుక్కలు, ఇలా తెగి తెగి ఉంటాయి. తర్వాత ఆకును వెలుతురుకు అడ్డంగా పైకెత్తి అడుగు వైపు నుంచి నడిమి ఈనె పక్కనే చూడండి. పక్క ఈనెలు వచ్చి నడిమి ఈనెలో కలిసే చోట ఆ ముదురాకుపచ్చ గీత గేలపు కొక్కెంలా కిందికి వంగి ఉంటుంది. చుక్కలూ గీతలూ కాడ మీద, కొక్కేలు ఈనె పక్కన రెండూ ఉంటే అది వెర్రితలే. ఏ పోషక లోపానికీ ఈ రెండు గుర్తులు ఉండవు.

గ్రాండ్ నైన్‌లో ఈ గుర్తులు స్పష్టంగానే పడతాయి. అందుకే కంటితో చూసి నిర్ణయం తీసుకోవచ్చని అంత ధైర్యంగా చెబుతున్నాను. ముదురు ఆకుల మీద మాత్రం వెతకొద్దు. వైరస్ చెట్టులోకి వెళ్లేనాటికే విచ్చుకున్న ఆకులు మామూలుగానే ఉండిపోతాయి. ఆ తర్వాత పుట్టే ఆకుల్లోనే గుర్తులు వస్తాయి. ఈ సంగతి మీకు ఇంకో రకంగా కూడా పనికొస్తుంది. ఆ ఎనిమిది చెట్ల అడుగు ఆకులు చూడండి. అవి వెడల్పుగా, మామూలుగా ఉండి పై ఆకులు మాత్రమే సన్నబడి ఉంటే జబ్బు నాటిన తర్వాత బయటి నుంచి వచ్చినట్టు. మొదటి ఆకుల నుంచే చెట్టు గిడసబారి ఉంటే, అదీ తోటంతా అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే, మొక్కతోనే వచ్చిందేమో అని అనుమానించాలి. మీవి ఒక మూలనే, గట్టు పక్కనే ఉన్నాయి కాబట్టి ఆ కాలవ గట్టు మీద ఎవరూ పట్టించుకోని పాత అరటి పొదలేమైనా ఉన్నాయేమో చూడండి. చాలాసార్లు జబ్బు ఊట అక్కడే ఉంటుంది.

దీన్ని మోసుకొచ్చేది అరటి పేనుబంక. ముదురు గోధుమ రంగులో చిన్నగా ఉంటుంది. ఆకుల పైన వెతికితే దొరకదు. బోదె అడుగున, ఎండిన పాత మట్టల కింద, మొవ్వు సందుల్లో, లేత పిలకల మీద దాక్కుంటుంది. చెట్టు మొదట్లో చీమలు బారులు కట్టి తిరుగుతుంటే ఆ మట్ట ఒకటి ఊడదీసి చూడండి. పేనుబంక కార్చే తీపి నీటి కోసమే చీమలు అక్కడ చేరతాయి. ఈ పురుగు రోగపు చెట్టు రసం కొన్ని గంటలు పీల్చాక వైరస్‌ను ఒంట్లో పెట్టుకుని రోజుల తరబడి మోస్తుంది. గుంపు ఎక్కువైతే రెక్కల పురుగులు పుట్టి పక్క చెట్లకు ఎగురుతాయి. ఆస్ట్రేలియా తోటల్లో పరిశీలిస్తే కొత్తగా సోకిన చెట్లలో ఎక్కువ భాగం రోగపు చెట్టుకు ఇరవై మీటర్ల లోపే కనబడ్డాయి. కాబట్టి మీరు గట్టు నుంచి పొలం లోపలికి ఇరవై, పాతిక మీటర్ల దాకా ప్రతి చెట్టు కాడా రుద్ది చూడాలి. బయటికి ఆరోగ్యంగా ఉన్న చెట్టు మీద చుక్కలు కనబడితే అది కూడా పోయినట్టే లెక్క.

కఠినంగా అనిపిస్తుందని తెలుసు. కానీ ఈ తెగులుకు మందు లేదు. సోకిన చెట్టు కోలుకోదు. చిన్నప్పుడే సోకితే గెల వేయదు. గెల వేసే ముందు సోకితే పువ్వు గొంతులోనే ఇరుక్కుంటుంది. ఒక గడ్డకు సోకితే దాని పిలకలన్నింటికీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఆస్ట్రేలియాలో 1920ల మధ్య నాటికి ఈ తెగులు అరటి సాగును దాదాపు తుడిచిపెట్టేసింది. రోగపు చెట్లను వెతికి వెతికి తీయడం, శుభ్రమైన పిలకలే నాటడం చట్టంగా పెట్టుకున్నాక అక్కడి తోటలు మళ్లీ నిలబడ్డాయి. మన దేశానికి ఇది 1940ల్లో శ్రీలంక నుంచి కేరళకు వచ్చిందంటారు. తమిళనాడు పళని కొండల్లో విరూపాక్షి అనే కొండ అరటి ఉండేది, మంచి వాసన, మంచి ధర. ఈ తెగులు దాని సాగును చాలావరకు మింగేసింది. మనకు దగ్గరలోనే రైల్వే కోడూరు ప్రాంతపు తోటలూ దీని దెబ్బ తిన్నాయి. అందుకే ఈ ఒక్కదాని విషయంలో నేను అంత తొందరపెడుతున్నాను.

తీసేటప్పుడు వరస తప్పకూడదు. ముందు పురుగును చంపాలి, తర్వాతే చెట్టును కదపాలి. చెట్టు నరికి పడేస్తే దాని మీది పేనుబంక చేసే మొదటి పని పక్క చెట్టుకు వెళ్లడం. కాబట్టి గాలి లేని పొద్దుటి పూట ఆ చెట్లకూ వాటి పిలకలకూ మొవ్వు, బోదె అడుగు, మట్టల సందులు తడిసేలా, ఉద్యాన సహాయకుణ్ని అడిగి అరటి పేనుబంకకు అనుమతి ఉన్న మందు లేబుల్ మీది మోతాదులో కొట్టించండి. కొట్టేవాళ్లు ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగు లేకుండా దిగకూడదు. ఒకటి రెండు రోజులాగి చెట్టును గడ్డతో సహా, ఒక్క పిలక కూడా మిగలకుండా తవ్వేయండి. పైన నరికి కింద గడ్డ వదిలేస్తే నెల తిరక్కుండా అదే గడ్డ నుంచి జబ్బు పిలక లేస్తుంది. గడ్డను ముక్కలు చేసి ఎండనివ్వండి, లేదా లోతుగా పూడ్చండి. ఆ బోదెలనూ ఆకులనూ బండికెత్తుకుని పొలం మధ్యలోంచి తీసుకుపోవద్దు. నరికిన కత్తి వల్ల వెర్రితల అంటదు, నేల వల్లా రాదు. కాబట్టి తీసిన గుంతలో మళ్లీ శుభ్రమైన మొక్క పెట్టుకోవచ్చు. కత్తి కడుక్కోవడం ఎలాగూ మంచి అలవాటే, దుంపకుళ్లు లాంటివి కత్తితో వస్తాయి.

ఆ తర్వాత కనీసం మూడు నెలలు పది, పదిహేను రోజులకోసారి ఆ మూల మొత్తం కాడలు రుద్ది చూడండి. వేసవిలో అరటి వారం, పది రోజులకో ఆకు వేస్తుంది. కొత్త ఆకు వస్తేనే కొత్త గుర్తు కనబడుతుంది కాబట్టి రోజూ తిరిగినా లాభం లేదు, నెలల తరబడి మరిచిపోయినా ముప్పే.

ఇప్పుడు జింకు మాట. అంగడాయన చెప్పింది పూర్తిగా నిరాధారం కాదు. జింకు తగ్గినా కొత్త ఆకు సన్నబడుతుంది, ఈనెల మధ్య పసుపు చారలు వస్తాయి, లేత ఆకు అడుగున ఎర్రటి ఊదా రంగు కనబడుతుంది. చూపుకు మోసపోవచ్చు. కానీ తేడా తెలుసుకునే దారులున్నాయి. లోపం నేలను బట్టి వస్తుంది కాబట్టి ఒక పట్టీ మొత్తమో, పొలం మొత్తమో ఇంచుమించు ఒకేలా కనబడుతుంది. వైరస్ అయితే బాగా ఏపుగా ఉన్న చెట్టు పక్కనే గిడసబారిన చెట్టు ఉంటుంది. ఇంకో దారి మీరు ఇప్పటికే చేసి చూశారు. జింకు లోపమే అయితే రెండు తూర్లు కొట్టాక వచ్చిన కొత్త ఆకులు బాగుపడాలి. బాగుపడలేదంటే కారణం వేరు. మూడోసారి కొట్టించొద్దు, ఆ డబ్బు దాచుకోండి. బోరాన్ తగ్గితే కూడా ఆకు ముడతపడి అడుగున గీతలు వస్తాయి, కానీ ఆ గీతలు ఈనెలకు అడ్డంగా పోతాయి. వెర్రితల గీతలు ఈనె వెంటే ఉంటాయి. కలుపు మందు తుంపర పడ్డ ఆకులు కూడా వికారంగా మారతాయి. గట్టు మీద ఈమధ్య ఎవరైనా కలుపు మందు కొట్టారేమో అడిగి తెలుసుకోండి. కాడ మీద చుక్కలు లేకపోతే ఆ కోణం తప్పకుండా చూడాలి.

దోస, టమాటా వేసిన సాళ్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ నా అనుమానం దోస మొజాయిక్ వైరస్ మీద. ఇంగ్లీషులో సీఎంవీ అంటారు. దీనికి అరటి సొంతిల్లు కాదు. పన్నెండు వందలకు పైగా మొక్క జాతుల మీద బతకగల వైరస్ ఇది. దోస, గుమ్మడి, టమాటా, మిరప, వెన్నదేవి లాంటి కలుపు మొక్కలు, అన్నీ దాని ఇళ్లే. మన చిత్తూరు వైపు టమాటా లేని ఊరు లేదు, అరటి చిన్నగా ఉన్నప్పుడు మధ్యలో నాలుగు కాయలు పండించుకుందామనుకోవడం సహజం. కానీ టిష్యూకల్చర్ మొక్క మొదటి మూడు నాలుగు నెలలు చాలా లేతగా ఉంటుంది. అంతరపంట మీది పేనుబంక ఒక్కసారి అరటి మీద వాలి మూతి పెట్టి చూసినా చాలు, వైరస్ దిగిపోతుంది. వెర్రితలలాగా గంటలు పీల్చాల్సిన అవసరం లేదు. అందువల్ల దీనికి పురుగుమందు కొట్టినా పెద్దగా ప్రయోజనం ఉండదు. మందు పురుగును చంపేలోపే జరగాల్సింది జరిగిపోతుంది. అంతరపంట వేయాలనుకుంటే దోస, టమాటా జాతులను వదిలేయడమే మందు.

ఇది సోకిన ఆకు మీద లేత పసుపు పట్టీలు నడిమి ఈనె నుంచి అంచుకు పోతూ అక్కడక్కడ మచ్చల్లా ఉంటాయి. కాడ మీద ముదురాకుపచ్చ చుక్కలు ఉండవు. చలి, ముసురు రోజుల్లో ఎక్కువగా కనబడుతుంది. ఒక్కోసారి మొవ్వాకు కుళ్లిపోతుంది. ఎండలు ముదిరాక కొన్ని చెట్లలో గుర్తులు మాసిపోయి చెట్టు బాగైనట్టే ఉంటుంది, వైరస్ మాత్రం లోపలే ఉంటుంది. ఇది వెర్రితల అంత వేగంగా తోటను చుట్టేయదు. అందుకే పరీక్ష చేయించే తీరిక ఉందంటున్నాను. పైగా టిష్యూకల్చర్ మొక్కల్లో వైరస్ లేకుండానే వికృతంగా పెరిగేవి కొన్ని ఉంటాయి. ఆకు మందంగా, వంకరటింకరగా, రంగు మరకలతో వస్తుంది. ప్రయోగశాలలో పెంచేటప్పుడు వచ్చే మార్పు అది, అంటుకునేది కాదు. కంటితో చూసి ఈ రెండింటినీ విడదీయడం అనుభవమున్నవాళ్లకూ కష్టమే.

బావి దగ్గరి కర్పూర చక్కరకేళి సంగతి ఇంకా తిరకాసు. పసుపు గీతలు తెగి తెగి పడి, తర్వాత గోధుమ, నలుపు రంగుకు మాడడం అరటి స్ట్రీక్ వైరస్ లక్షణం. ఒక ఆకు మీద బాగా ఉంటుంది, తర్వాతి రెండు ఆకులు శుభ్రంగా వస్తాయి, మళ్లీ ఇంకో ఆకు మీద కనబడుతుంది. అలా వచ్చిపోతూ ఉందా అని గమనించండి. సిగటోకా ఆకుమచ్చ (శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు) అయితే అడుగు ముదురు ఆకుల్లో మొదలై, గీత ఉబ్బి, నడుమ బూడిద రంగు, చుట్టూ పసుపు వలయం ఉన్న మచ్చగా మారుతుంది. స్ట్రీక్‌ను పిండినల్లి మోస్తుంది, రోగపు పిలకతో వస్తుంది.

తిరకాసు ఎక్కడుందంటే, కర్పూర చక్కరకేళి లాంటి రకాల జన్యువుల్లోనే ఈ వైరస్ ముక్కలు తరతరాలుగా అతుక్కుని ఉన్నాయి. అడవి అరటి జాతుల్లో ఒకటైన బల్బీసియానా నుంచి వచ్చిన వారసత్వం అది. గ్రాండ్ నైన్‌లో ఆ వంశపు పాలు లేదు. కర్పూరంలో ఉంది. చెట్టుకు బాగా ఒత్తిడి కలిగినప్పుడు, ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారినప్పుడు, టిష్యూకల్చర్ చేసినప్పుడు ఆ ముక్కలు మేలుకుని వైరస్‌గా లేవచ్చు. అంటే పక్క చెట్టు నుంచి అంటకుండానే జబ్బు రావచ్చు. అంతేకాదు, మామూలు పీసీఆర్ పరీక్ష (వైరస్ జన్యు పదార్థాన్ని పెంచి చూసేది) చేస్తే జబ్బు లేని కర్పూర చెట్టుకు కూడా పాజిటివ్ అని రావచ్చు, ఎందుకంటే ఆ పరీక్ష జన్యువులో నిద్రపోతున్న ముక్కనూ చెట్టులో తిరుగుతున్న వైరస్‌నూ విడదీసి చూడలేదు. దాన్ని విడదీయడానికి వైరస్ కణాలను ముందు యాంటీబాడీతో పట్టుకుని తర్వాత పీసీఆర్ చేసే పద్ధతి, వలయాకారపు డీఎన్‌ఏను మాత్రమే పెంచి చూసే పద్ధతి ఉన్నాయి. కాబట్టి నమూనా పంపేటప్పుడు రకం పేరు తప్పకుండా రాయండి. "అరటి ఆకు" అని మాత్రమే రాస్తే రిపోర్టు మిమ్మల్ని తప్పుదారి పట్టించవచ్చు. మీకున్నవి నాలుగు చెట్లు. రిపోర్టు వచ్చాక, కోలుకోకుండా క్షీణిస్తుంటే తీసేయండి, గెల వేస్తుంటే ఉంచుకోండి, వాటి పిలకలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

నాలుగో వైరస్ ఒకటుంది, బ్రాక్ట్ మొజాయిక్. మీ తోట ఇంకా పువ్వు వేయలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బోదె మీది ఎండు మట్ట ఊడదీస్తే కింద గులాబీ, ఎరుపు, ఊదా రంగు చారలు కనబడతాయి. పువ్వు వచ్చాక దాని ఎర్ర డొప్పల మీద ముదురు రంగు పొడుగు చారలు పడతాయి. కేరళలో దీన్ని కొక్కన్ అంటారు. పువ్వు వేసే నెలల్లో డొప్పలు రాలిపడినప్పుడు ఒకటి రెండు తీసి చూడండి.

పరీక్షలంటే భయపడాల్సిందేమీ లేదు, కరోనా రోజుల్లో మనమంతా విన్న పేర్లే. ఎలైజా పరీక్షలో వైరస్ పై పొరలోని ప్రొటీన్‌ను యాంటీబాడీ పట్టుకుంటుంది, రంగు మారితే ఉన్నట్టు. ఖర్చు తక్కువ, ఒకేసారి చాలా నమూనాలు చూడవచ్చు. పీసీఆర్ వైరస్ జన్యు పదార్థాన్నే లక్షల రెట్లు పెంచి చూస్తుంది, అందుకే వైరస్ చాలా తక్కువగా ఉన్నా పట్టేస్తుంది. వెర్రితల, స్ట్రీక్ వైరస్‌లవి డీఎన్‌ఏ, దోస మొజాయిక్, బ్రాక్ట్ మొజాయిక్‌లవి ఆర్‌ఎన్‌ఏ. ఆ రెండోవాటికి ఆర్టీ-పీసీఆర్, అంటే ముందు ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి చేసే పీసీఆర్ చేయాలి. పొలంలోనే చూసుకునే స్ట్రిప్ కిట్లు కూడా కొన్ని వైరస్‌లకు ఉన్నాయి. స్ట్రిప్ మీద గీత పడితే నమ్మవచ్చు. పడకపోతే జబ్బు లేదని తేల్చుకోవద్దు.

మీ పిల్లవాడి యాప్ గురించి కూడా ఒక మాట. యాప్‌లు పనికిరావని నేననను. అరటి కోసం శాస్త్రవేత్తలు తయారుచేసిన తుమైని అనే యాప్ వెర్రితలను గుర్తించడానికి కూడా శిక్షణ పొందింది. కానీ ఏ యాప్ అయినా ఫొటోలో ఉన్నదే చూడగలదు. దూరం నుంచి చెట్టంతా తీస్తే జింకు లోపమూ వైరసూ ఒకేలా కనబడతాయి. పూత తుడిచిన కాడను దగ్గరగా తీయమనండి. ఆకు అడుగు వైపు నుంచి, వెలుతురు వెనక నుంచి పడేలా ఇంకొకటి తీయమనండి. యాప్ చెప్పిన పేరు కన్నా ఆ ఫొటోలు ఎక్కువ విలువైనవి. శాస్త్రవేత్తకు వాట్సాప్‌లో పంపితే సగం పని అక్కడే అయిపోతుంది.

ఇక ఎక్కడికి వెళ్లాలి? ముందు మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకుడికి చూపించండి. తోటకు రమ్మనండి, ఆకు తీసుకుని మీరు వెళ్లొద్దు. తిరుపతిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో తెగుళ్ల శాస్త్రవేత్తలున్నారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వైరాలజీకి ప్రత్యేకంగా విభాగమే ఉంది. నమూనా తీసుకుంటారా, ఎంత రుసుము అని ముందే అడిగి వెళ్లండి. అరటి మీదే పనిచేసే సంస్థ తిరుచిరాపల్లిలోని జాతీయ అరటి పరిశోధన కేంద్రం. నాలుగు వైరస్‌లకూ అక్కడ పరీక్షలు చేస్తారు. వాళ్లతో మాట్లాడాకే కొరియర్ పంపండి.

నమూనా సరిగ్గా తీయకపోతే ఎంత మంచి ల్యాబ్ అయినా ఏమీ చేయలేదు. అనుమానమున్న చెట్టు నుంచి కొత్తగా విచ్చుకున్న ఆకు ఒకటి, గుర్తులు బాగా కనబడే ఆకు ఒకటి, రెండూ తీయండి. వైరస్ ఆకులన్నిటిలో సమానంగా ఉండదు, అందుకే రెండు. కాడ, నడిమి ఈనె, దానికి రెండు పక్కలా కాస్త ఆకు ఉండేలా జానెడు ముక్క కోయండి. బాగున్న చెట్టు నుంచి కూడా ఒకటి తీసి "ఆరోగ్యమైనది" అని రాయండి, పోల్చి చూడడానికి పనికొస్తుంది. తడపొద్దు, తడిస్తే దారిలోనే కుళ్లుతుంది. పొడి న్యూస్ పేపర్లో చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఒక్కో చెట్టుకు ఒక్కో కవరు. రకం, నాటిన తేదీ, ఏ సాలులో ఎన్నో చెట్టు, ఏమేం కొట్టారు, పక్కన ఏ పంట ఉంది, ఇవన్నీ చీటీ మీద పెన్సిల్‌తో రాయండి, తేమకు పెన్ను చెరిగిపోతుంది. ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచవచ్చు, గడ్డకట్టే పెట్టెలో మాత్రం వద్దు. సోమవారమో మంగళవారమో పంపండి, శని ఆదివారాలు కొరియర్ ఆఫీసులో మగ్గిపోకుండా ఉంటుంది.

పిలకల విషయం. గట్టు వైపు చెట్లవి గానీ, పసుపు పట్టీల చెట్లవి గానీ ఒక్క పిలక కూడా నాటొద్దు, చుట్టాలు అడిగినా ఇవ్వొద్దు. ఊరికి ఊరు ఈ జబ్బు పాకేది పేనుబంక రెక్కల మీద కన్నా పిలకల మూటల్లోనే. వచ్చే ఏడు పిలక పంట తీసుకోవాలనుకుంటే వైరస్ లేదని తేలిన చెట్ల కిందే ఉంచుకోండి.

మొక్కలు అమ్మినవాళ్లను కూడా ఒకటి అడగండి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006 నుంచి టిష్యూకల్చర్ మొక్కలకు ధ్రువీకరణ పద్ధతి నడుపుతోంది. దాని కింద తల్లి మొక్కనూ, తర్వాత బ్యాచ్‌నూ గుర్తింపు పొందిన ల్యాబుల్లో ఈ వైరస్‌లకు పరీక్షించి లేబుల్ ఇస్తారు. టిష్యూకల్చర్ చేసినంత మాత్రాన వైరస్ పోదు. తల్లి చెట్టులో ఉంటే దాని నుంచి తీసిన వేల మొక్కల్లోనూ ఉంటుంది. మీ బిల్లు మీద బ్యాచ్ నంబరు ఉందా, ధ్రువీకరణ లేబుల్ ఇచ్చారా చూడండి. లేకపోతే వచ్చేసారి ఆ రెండూ చేతికి వచ్చాకే డబ్బు కట్టండి. అయితే మీ తోటలో జబ్బు ఒక మూలకే పరిమితమై ఉంది కాబట్టి, అడుగు ఆకులు చూడకుండా తప్పు వాళ్లదే అని గొడవకు దిగొద్దు. ధ్రువీకరించిన మొక్క కూడా మన పొలంలోకి వచ్చిన కొన్ని వారాలకే బయటి పురుగు వల్ల జబ్బు పడగలదు.

రేపు పొద్దున గట్టు వైపు వెళ్లి, మొదట బాగా ముదిరిన చెట్టు కాడ, తర్వాత దాని పక్కన బాగున్న చెట్టు కాడ రుద్ది పక్కపక్కనే పెట్టి చూడండి. ఆ తేడా ఒకసారి కంటికి పడితే ఇక ఎవరినీ అడగాల్సిన పని ఉండదు. చుక్కలు కనబడితే చెట్లు తీసేశాక ఎన్ని తీశారో, ఏ సాళ్లలోవో రాయండి. కనబడకపోతే ఆ రెండు ఫొటోలూ, ఈ మూడు నెలల్లో కొట్టిన ఎరువులు, మందుల పేర్లూ పంపండి. అప్పుడు ఇంకో దారిలో వెతకాలి.